దొంగగీత

డాంకాస్టర్‌లో స్టానిఫోర్త్ దంపతుల ఇంటి ముందుగదిలో మూడు వందల పన్నెండు రైలింజన్లు ఉండేవి. ఒక్కటీ కదిలేది కాదు. జానెడు పైచిలుకు పొడవున, పచ్చవీ నల్లవీ నీలంవీ, అద్దాల బీరువాల్లో బారులు తీరి నిలబడి ఉండేవి. కదిలితే చక్రాల మెరుపు పోతుందట, మెరుపు పోతే విలువ పోతుందట. రైలింజన్ కొనుక్కొచ్చి దాన్ని కదలనివ్వని మనిషిని ఏమనాలో ఆ ఇంటి ఇల్లాలు బెరిల్‌కి బాగా తెలుసు. కాని చెడ్డమాట నోట రానివ్వని మెథడిస్టు క్రైస్తవుల కొంపలో పెరిగిన పిల్ల కనుక ఆ మాట పైకి అనేది కాదు.

వాటిని బొమ్మలు అనకూడదు. మోడళ్లు అనాలి. బెరిల్ నలభై ఏడేళ్ల కాపురంలో ఒక్కరోజు కూడా మోడల్ అనలేదు.

"ఆ బొమ్మల గది కిటికీ తీయనా, ఉక్కపోస్తోంది."

"మోడళ్లు. తీయకు. దుమ్మొస్తుంది."

దుమ్ము దులిపే హక్కు కూడా ఆమెకు అద్దం వరకే. లోపల చెయ్యి పెడితే వెంట్రుకంత కమ్మీలు విరిగిపోతాయని మొగుడు క్లిఫర్డ్ భయం. ఆ పని ఆయనే ఒంటెపిల్ల బొచ్చు కుంచెతో ఆదివారం ఆదివారం చేసుకునేవాడు. అదే శ్రద్ధ భార్య మీద ఎప్పుడైనా పెట్టాడా అని అడగడం అనవసరం.

ఈ క్లిఫర్డ్ జీవితంలో ఒక్కనాడూ రైల్వేలో పని చెయ్యలేదు. మునిసిపాలిటీలో నీటిపన్ను గుమాస్తా. పార పట్టలేదు, బొగ్గు ముట్టలేదు, మసి అంటితే వేలు రుమాలుకు తుడుచుకునే రకం. కాని ఇంజన్ల మాటొస్తే ఊళ్లో ఆయన చెప్పిందే వేదం. ఎవరు ఏ మోడల్ తెచ్చి చూపించినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, మేకులు లెక్కపెట్టి, "పాపం" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. తెచ్చినవాడు ఆ "పాపం" మోసుకుంటూ ఇంటికి పోయి వారంపాటు నిద్రపోయేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనుషులు లోకంలో చాలామంది ఉన్నారు గాని, ఆ కుందేలును ఎదుటివాడి చేత కూడా మోయించగలిగినవాడు క్లిఫర్డ్ ఒక్కడే.

ఆయన గర్వానికంతా మూలం ఒక చిన్న పుస్తకం. దేశంలోని ఇంజన్ల నంబర్లన్నీ వరుసగా అచ్చేసిన పుస్తకమది. కుర్రతనంలో ఇలాంటివాళ్లంతా దాన్ని జేబులో పెట్టుకుని స్టేషన్ల చివర నిలబడేవారు. ఒక ఇంజన్ కంటబడిందా, ఆ నంబరు కింద స్కేలు పెట్టి గీత గీసుకునేవారు. ఒకే ఒక్క నియమం: సొంత కళ్లతో చూసిన దానికే గీత. చూడకుండా గీసినదాన్ని దొంగగీత అనేవారు. పెళ్లాన్ని ఏడిపించినవాణ్ని ఆ జనం క్షమించేవారు, సర్కారు సొమ్ము మింగినవాణ్ని క్షమించేవారు. దొంగగీతగాడి పక్కన మాత్రం కూర్చుని టీ తాగేవారు కాదు. గుర్రప్పందేల గుర్రాల పేర్లు పెట్టిన పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు ఒక తరగతిలో అరవై నాలుగు ఉండేవి. ఆ అరవై నాలుగింటికీ గీత గీసినవాడు ఊళ్లోని మోడల్ ఇంజన్ల క్లబ్బు మొత్తంలో క్లిఫర్డ్ ఒక్కడే. ఆ అరవై నాలుగు బొమ్మలకూ నడిమి బీరువా, లోపల దీపాలు.

అందులో అరవై నాలుగోది, 60297 మార్ష్ లాంటర్న్ అనేదాన్ని, క్లిఫర్డ్ చూడలేదు. చూసింది బెరిల్.

ఆమె అసలు ఇంజన్ల ఇంటి పిల్ల. తండ్రి విల్ఫ్ హోయిల్ ఇరవై రెండేళ్లు ఫైర్‌మన్‌గా ఉండి, వీపు వంగేదాకా బొగ్గు వేశాడు. ఏ బండికి ఎన్ని మేకులో ఆయనకు తెలియదు. ఏది ఎత్తు ఎక్కలేక చస్తుందో, ఏది ఎంత తిన్నా ఆవిరి పెట్టదో, ఏది ఒంట్లో బాగోలేని రోజు కూడా తల్లిలా లాక్కుపోతుందో తెలుసు. కొన్ని ఇంజన్ల పొగ పైకి పోకుండా కిందికి దిగి కళ్లలో పడేది. అలాంటిదాని మీద డ్యూటీ పడితే ఆయన ఇంటికొచ్చి చల్లనీళ్లతో కళ్లు కడుక్కుంటూ పైఅధికారుల వంశాలన్నీ ఏకరువు పెట్టేవాడు. తర్వాత తర్వాత పొగను పైకి నెట్టడానికి బాయిలర్ ముందు అటూ ఇటూ నిలువు రేకులు బిగించడం మొదలుపెట్టారు. వాటిని పొగరేకులు అనేవారు. ఒక్కో బండికీ రేకులు పడ్డ కబురు ఆ ఇంట్లో రాత్రి భోజనం దగ్గర పండగ కబురులా వచ్చేది.

బెరిల్‌కి కాబోయే మొగుణ్ని మొదటిసారి చూసినప్పుడు విల్ఫ్ పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, "ఈయన చేసేదేంటి?" అన్నాడు.

"ఇంజన్లు చూస్తాడు నాన్నా."

"చూసి?"

"రాసుకుంటాడు."

ఆ పైన అల్లుడితో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు.

1961 ఆగస్టు 12, శనివారం. బెరిల్‌కి పంతొమ్మిదేళ్లు, మిఠాయి ఫ్యాక్టరీలో కాగితాలు చుట్టే పని. క్లిఫర్డ్‌తో పరిచయమై మూడు వారాలు. షికారు తీసుకెళతానని చెప్పి అతను ఆమెను రెట్‌ఫర్డ్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ చివరకు తీసుకెళ్లాడు. అతని దృష్టిలో అదే షికారు. అరవై మూడు గీతలు అయ్యాయి, ఒక్కటి మిగిలింది. ఎడిన్‌బరో వైపుండే ఆ ఒక్కటీ ఇటు రావడం అరుదు, ఇవాళ వస్తుందని ఎవరో చెప్పారు. పొద్దున్నుంచి నిలబడ్డారు. మధ్యాహ్నం అతను తిన్న పంది మాంసం కూరిన రొట్టె పాచిపోయిందో ఏమో, మూడు గంటలకు కడుపు పట్టుకుని మరుగుదొడ్డికి పరిగెత్తాడు.

అతను అలా వెళ్లాడో లేదో అది వచ్చింది. ఆగని బండి. బెరిల్ దానితోపాటు ప్లాట్‌ఫామ్ మీద పది అడుగులు పరిగెత్తింది. పొగ నేలబారున దిగి ఉంది. డ్రైవర్ టోపీ వెనక్కి తిప్పి, సగం ఒళ్లు కిటికీ బయట పెట్టి, కళ్లు చికిలించుకుని ముందుకు చూస్తున్నాడు. ముందు రేకుల్లేవు, పాపం ముసలాయన అనుకుంది. నంబరు చదివింది, పేరు చదివింది. పట్టుమని పదిహేను సెకన్లు.

క్లిఫర్డ్ బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చేసరికి ఆఖరి పెట్టె మలుపు తిరిగిపోయింది.

"ఏంటది? ఏం పోయింది?"

"అరవై వేల రెండు వందల తొంభై ఏడు. మార్ష్ లాంటర్న్."

అతను ఆమె మొహంలోకి ఓ క్షణం చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, పుస్తకం తీసి, స్కేలు పెట్టి, గీత గీశాడు. రెండోసారి అడగలేదు.

ఆ రెండోసారి అడగకపోవడమే బెరిల్ కొంప ముంచింది. ఇంట్లో ఆమె మాటంటే ఎవరికీ లెక్కలేదు. తలుపు వేశానంటే తల్లి లేచి వెళ్లి చూసొచ్చేది. ఫ్యాక్టరీలో ఆమె చుట్టిన పెట్టెల్ని మేస్త్రీ మళ్లీ విప్పించేవాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక మనిషి, అదీ ప్రాణంతో సమానమైన విషయంలో, ఆమె నోటిమాట మీద గీత గీశాడు. నన్ను నమ్మే మగవాడు దొరికాడనుకుంది. అక్టోబర్‌లో అతను అడిగితే సరేనంది. వసంతంలో పెళ్లయింది.

తర్వాత నలభై ఏడేళ్లలో క్లిఫర్డ్ ఆమె మాట మళ్లీ ఒక్కసారి కూడా నమ్మలేదు. పెళ్లయిన వారానికి స్కార్‌బరో వెళ్లినప్పుడు, అదిగో ఫలానా నంబరు అని చూపిస్తే, "ఉండు, నేను చూస్తా" అని పట్టాల దాకా వెళ్లొచ్చాడు. వాన పడుతోందంటే కిటికీ లోంచి చెయ్యి బయట పెట్టేవాడు. గ్యాసు కట్టేశానంటే వంటింట్లోకి వెళ్లేవాడు. ఒకసారి ఆమెకు కడుపులో నొప్పి వస్తే, నిజంగా వస్తోందా అని డాక్టరును అడిగాడు. డాక్టరు పేగు తీసేశాక గాని ఆయనకు నమ్మకం కుదరలేదు. క్లబ్బులో ఎవరైనా ఆడవాళ్ల ప్రసక్తి తెస్తే, "ఆడవాళ్లకు ఇంజనుకూ కెటిల్‌కూ తేడా తెలియదు, రెండింట్లోంచీ ఆవిరే కదా" అని అందరినీ నవ్వించేవాడు. బెరిల్ ఆ పక్కగదిలో కెటిల్ దగ్గరే ఉండేది.

ఎందుకు పడి ఉందంటే ఆ గీత కోసం. ఎప్పుడో ఒకప్పుడు ఈయన నన్ను నమ్మాడు, అన్న ఒక్క ముక్క ఆమె దగ్గర ఉంది. దాన్ని పట్టుకుని ఏళ్లు నెట్టుకొచ్చింది. ఆ రోజు నువ్వు నిజంగా నమ్మే గీశావా అని అడగాలని ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చేది. కాదంటే ఏం మిగులుతుంది? అందుకని అడిగేది కాదు. దొంగగీత సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

డాంకాస్టర్ మోడల్ ఇంజన్ల క్లబ్బు యాభయ్యో ఏడాది సభ 2009లో మెథడిస్టు చర్చి హాల్లో ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. పాతికమంది మగవాళ్లు, అందరికీ ఒకే రంగు స్వెట్టర్లు, అందరి జేబుల్లో భూతద్దాలు. ఎప్పటిలాగే టీ బెరిల్‌ది. వంటగదికీ హాలుకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. అందులోంచి ఆమెకు వాళ్ల వీపులు కనిపించేవి, వాళ్లకు ఆమె చేతులూ కప్పులూ కనిపించేవి. ఏళ్ల తరబడి అక్కడికి వస్తున్నా ఆ చేతుల పైన ఒక మొహం కూడా ఉంటుందని ఎంతమందికి గుర్తుందో చెప్పలేం.

క్లబ్బు ఆ ఏడాది క్లిఫర్డ్ గౌరవార్థం ఒక ప్రత్యేక మోడల్ చేయిస్తోంది. వంద ముక్కలు మాత్రమే. కార్యదర్శి నెవిల్ గాతోర్ప్ మొదటి ముక్క పెట్టె తెరిచి, తెల్ల చేతితొడుగులు వేసుకుని బయటికి తీశాడు. పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు కూడా అతనంత జాగ్రత్త పడి ఉండడు. పెట్టె మీద అచ్చు: "60297 మార్ష్ లాంటర్న్. 1961 ఆగస్టు 12న రెట్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ స్టానిఫోర్త్ చూసినది చూసినట్టుగా."

చప్పట్లు అయ్యాక కీత్ అనే సభ్యుడు లేచాడు. అరవై ఏళ్లవాడు, ఆ గుంపులో అతనే కుర్రాడు. "నాదో చిన్న సందేహం" అన్నాడు. ఆ క్లబ్బులో యాభై ఏళ్లుగా పెద్ద సందేహం ఎవరికీ రాలేదు.

"దీనికి పొగరేకులు పెట్టారు. వర్క్‌షాపు కార్డు నకలు నా దగ్గరుంది. రేకులు బిగించింది ఆ ఏడాది నవంబర్‌లో. ఆగస్టులో ఎలా ఉంటాయి?"

నెవిల్ బొమ్మను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అయితే ఈ వందా తప్పేనా?"

"కార్డులు రాసేవాడు గుమాస్తా" అన్నాడు క్లిఫర్డ్. తానేమిటో ఆ క్షణం మరిచాడు. "నేను కళ్లారా చూసినవాణ్ని. పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నోళ్లకీ, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి నేర్చుకున్నోళ్లకీ అదేనయ్యా తేడా. రేకులున్నాయి. ఎండకి తళతళా మెరిశాయి. ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది."

బెరిల్ చేతిలో ఇరవై నాలుగో కప్పు ఉంది. నంబరు తీసుకున్నాడు, పోనీ. పేరు తీసుకున్నాడు, పోనీ. ఆమె జీవితంలో పూర్తిగా ఆమెవి అనదగ్గవి ఆ పదిహేను సెకన్లు. ఇప్పుడు వాటికి కూడా ఈ మనిషి రేకులు బిగిస్తున్నాడు. ఆ ముసలి డ్రైవర్ చికిలించిన కళ్లు గుర్తొచ్చాయి. ఒళ్లు మండింది.

"రేకుల్లేవు" అంది కిటికీలోంచి.

నెవిల్ వెనక్కి తిరగకుండానే, "బెరిల్ తల్లీ, బిస్కెట్లు ఎంతవరకొచ్చాయి?" అన్నాడు.

"బిస్కెట్లు ఎక్కడికీ పోవు. రేకుల్లేవంటున్నా. పొగంతా కిందకే దిగింది. డ్రైవరు టోపీ వెనక్కి తిప్పి సగం ఒళ్లు బయట పెట్టి తోలుతున్నాడు. రేకులుంటే ఆ ఖర్మెందుకు ఆయనకి?"

కీత్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వెలా చెప్పగలవమ్మా?"

"నేను చూశాను గనక. ఈయన మరుగుదొడ్లో ఉన్నాడు."

క్లిఫర్డ్ మొహం ముందు ఎరుపెక్కింది, తర్వాత సున్నం కొట్టినట్టయింది. "కూత విన్నాను" అన్నాడు. "లోపల్నుంచి కూత విన్నాను. ఆ కూత ఎక్కడున్నా పోలుస్తాను."

"నియమంలో కళ్లని ఉంది క్లిఫ్" అన్నాడు నెవిల్. "చెవులని లేదు."

ఆ పైన ఆ పెద్దమనుషుల చర్చ వినదగ్గది. ఒక ఆడమనిషి నోట్లోంచి నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఒక నిజం బయటపడింది. ఒక్కడికీ ఆమె సంగతి పట్టలేదు. పెట్టెల మీది అచ్చు మార్చాలా అని ఒకడు. ఆమె చూసింది గాని పుస్తకంలో రాసుకోలేదు, ఆయన రాసుకున్నాడు గాని చూడలేదు, కాబట్టి ఆ ఇంజన్‌ను ఆ రోజు ఎవరూ చూడనట్టే లెక్క అని ఇంకొకడు. ఈ తెలివి విని ముగ్గురు తలలూపారు. అంత పెద్ద ఇంజన్, అన్ని టన్నుల ఇనుము, నిప్పు, పొగ, రెట్‌ఫర్డ్ మీదుగా ఎవరికీ కనిపించకుండా పోయిందట.

క్లిఫర్డ్ అప్పటికి తేరుకున్నాడు. నీటిపన్ను ఆఫీసులో ముప్పై ఏళ్లు జనాన్ని తిప్పి పంపిన మనిషి ఊరికే దొరుకుతాడా? లేచి నిలబడి, గొంతు మెత్తన చేసుకున్నాడు.

"దొంగగీత కాదు ఇది. నా భార్య చెప్పింది, నేను నమ్మాను. భార్య మాట నమ్మడం తప్పా? ఈ గదిలో ఎవడైనా తప్పనండి చూద్దాం."

ముసలాళ్ల మొహాలు మెత్తబడ్డాయి. ఒకాయన ముక్కు చీదుకున్నాడు. బెరిల్ వంటగది గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లూ అడగడానికి భయపడ్డ మాటకు జవాబు అడక్కుండానే వచ్చింది, అదీ పదిమందిలో. ఒక్క నిమిషం, ఈ మనిషి మీద ఇన్నాళ్లూ దాచుకున్న చిరాకంతా తనదే తప్పేమో అనిపించింది. చెప్పొద్దూ, కళ్లు చెమ్మగిల్లాయి.

కీత్ మాత్రం కాగితం కలం పట్టుకుని కూర్చున్నాడు. అతనికి ప్రేమలూ నమ్మకాలూ పట్టవు, రేకులు కావాలి.

"అయితే రేకులున్నాయో లేదో అప్పుడే బెరిల్‌ని అడిగుంటారుగా? ఏం చెప్పింది?"

"అడగలేదు."

"అరవై నాలుగో ఇంజన్ కదండీ. ఎలా ఉందని ఒక్క ముక్క కూడా అడగలేదా?"

"ఎందుకడుగుతానయ్యా?" క్లిఫర్డ్ విసుక్కున్నాడు, మందబుద్ధికి పాఠం చెబుతున్నట్టు. "అడిగాక ఏదో తప్పు చెప్పిందనుకో. ఆరు చక్రాలంటుంది, రంగు నలుపంటుంది. అప్పుడు నేను గీత ఎలా గీస్తాను? ఇక ఆ బండి మళ్లీ దొరికేదా? అందుకే నోరు మూసుకుని గీసేశా."

ఆయన ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. చాలా తెలివైన మాట అన్నట్టు చుట్టూ చూశాడు కూడా. ఒకరిద్దరు సభ్యులు సబబే అన్నట్టు తలలూపారు. అదే చోట వాళ్లున్నా అంతే చేసేవారు.

బెరిల్ గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండోసారి అడగకపోవడం నమ్మకం అనుకుంది. అది భయమట. ఆమె నోరు తెరిస్తే నంబరు పోతుందని భయం. తన పంతొమ్మిదో ఏటి నుంచి అరవై ఏడో ఏటి దాకా దేన్ని పట్టుకుని వేలాడిందో అది అంతే. ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, అదీ మంచి నవ్వు కాదు. ఇలాంటివాడి కోసమా అని తన మీద తనకే రోత పుట్టింది.

"విన్నావుగా కీత్" అంది. "ఇప్పుడు నన్నడుగు. నేను చెబుతా."

కీత్ అడిగాడు. ఆమె చెప్పింది. రేకుల్లేవు. రంగు పచ్చ, కాని మసి పట్టి నల్లగా ఉంది. పేరు పలక మీద చివరి అక్షరం దగ్గర మసి తుడిచిన చెయ్యి గుర్తుంది. బొగ్గు వెనక పెట్టెలో అడుగంటింది. ఫైర్‌మన్ బక్కవాడు, ఎడంచేతివాటం. యాభై ఏళ్ల క్లబ్బులో నిజంగా ఒక ఇంజన్‌ను చూసిన మనిషి మాట వాళ్లు అదే మొదటిసారి వినడం.

"బెరిలూ, ఇక చాలు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు క్లిఫర్డ్.

ఆమె అటు చూడలేదు. "నెవిల్, ఇది మీ సభ మినిట్స్ పుస్తకంలో రాయి. చూసిన మనిషి పేరు కూడా రాయి."

నెవిల్ కలం తీశాడు. "రాస్తున్నా. చూసినవారు, బెరిల్ స్టానిఫోర్త్..."

"కాదు. బెరిల్ హోయిల్. ఆగస్టులో నాకింకా పెళ్లి కాలేదు."

నెవిల్ ఒకసారి క్లిఫర్డ్ వైపు చూశాడు, ఒకసారి కీత్ వైపు చూశాడు. తేదీ ప్రకారం అదే సరైనదని కీత్ తలూపాడు. నెవిల్ రాసిన పేరు కొట్టేసి, హోయిల్ అని రాసుకున్నాడు.